డొల్ల చప్పుడు

మా ఆయన పేరు ముసలయ్య. పుట్టిన రోజు నుంచీ ముసలయ్యే. ముందు పుట్టిన పిల్లలు దక్కలేదని, వీడైనా ముసలితనం దాకా బతకాలని మా అత్త ఆ పేరు పెట్టింది. పెళ్ళిచూపుల్లో ఆ పేరు విని నేను కిసుక్కున నవ్వితే, "నవ్వు నవ్వు. నువ్వు ముసలిదానివైనంక గూడ నా పేరు గిదే. అప్పుడు నవ్వనీకి నీకు పండ్లుండయ్" అన్నాడు. ఆ మాటకారితనం చూసే ఒప్పుకున్నాను. లేకపోతే బొగ్గుబాయిలో పనిచేసేవాణ్ణి చేసుకోనని అంతకు ముందు వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొట్టిన దాన్ని నేను.

అంత మాటకారి, రెండువేల ఆరులో బతుకమ్మ పండుగ దాటాక, మెల్లమెల్లగా మూగబోయాడు. ఇంట్లో ఎవరూ పోలేదు. తాగుడు లేదు. నాతో తగాదా అంటారా, అది రోజూ ఉండేదే, దానికి ఎవరూ మూగబోరు. కాలనీలో ప్రతివాళ్ళూ కారణం అడిగేవాళ్ళు. "ఏమైందే దుర్గా మీ ఆయనకు? ఊకెనే గట్లెందుకుంటడు?" అని. నాకు ఒళ్ళు మండేది. కారణం దొరికితే దాని జుట్టు పట్టుకుని ఈడ్చుకురానా నేను?

ఒకరోజు పొద్దున నా చేతిలోంచి స్టీలు బిందె జారి వంటింటి బండల మీద పడింది. పక్కింటి కుక్క మొరిగింది. ఎదురింటావిడ "ఏందది, ఏమైంది?" అని కేకేసింది. గడప అవతల కూర్చుని టీ తాగుతున్న మా ఆయన మాత్రం తల తిప్పలేదు. నిమ్మకు నీరెత్తినట్టు గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. నేను బిందె ఎత్తడం మాని ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. ఎందుకంటే ఆయన ఉద్యోగమే చప్పుడు వినడం.

ఆయన బాయిలో సర్దార్. బొగ్గు తవ్వే చోటికి అందరికన్నా ముందు పోయి, చేతికర్రతో పైకప్పును కొట్టి చూస్తాడు. కర్ర కొసన ఇత్తడి పొన్ను ఉంటుంది. కప్పు గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. పైన బండ పొర విడిపోయి ఉంటే చప్పుడు మారిపోతుంది, డొల్లగా వస్తుంది. డొల్ల కొట్టిందంటే మనుషులందరినీ వెనక్కి పంపి, కింద ఆసరాగా కర్ర దిమ్మెలు నిలబెట్టించాకే పని. వరసగా ఖంగు, ఖంగు, ఖంగు అని వస్తూ ఉంటే మధ్యలో వచ్చే ఆ ఒక్క వేరే చప్పుడును పట్టుకోవడమే సర్దార్ పని. మిగతాదంతా ఎవరైనా చేస్తారు.

ఇంట్లోనూ అదే బుద్ధి. పుచ్చకాయ కొట్టి చూసేవాడు, కొబ్బరికాయ కొట్టి చూసేవాడు, కొత్తగా కట్టిన గోడ కనపడితే దాన్నీ కొట్టి చూసేవాడు. చండ్రుగొండ సంతలో కుండలు కొనే ఆడవాళ్ళు "అన్నా, జర గిది చూడవా" అని పిలిచి మరీ కొట్టించుకునేవాళ్ళు. కుండలమ్మే బుల్లెమ్మకు మా ఆయన పొడ గిట్టదు. "నీ మొగుణ్ణి ఇంట్ల కట్టేసి రాయే దుర్గా, నా కుండలకు వంకలు పెట్టి నా బేరం ఖరాబు చేస్తుండు" అనేది. అలాంటి మనిషి బిందె పడితే తల తిప్పలేదు.

ఆ వారంలోనే మా తమ్ముడు పవన్ డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికి వచ్చాడు. వాడు మా ఆయన గ్యాంగులోనే పనిచేస్తాడు. కనురెప్పల నిండా బొగ్గు మసి, స్నానం కూడా చేయలేదు.

"అక్కా, బావకు చెవులు పోయినయా ఏంది?"

"ఏమైందిరా?"

"రూఫ్ కొట్టుకుంట పోతుండు. అంతా ఖంగు, ఖంగు అనే వస్తుంది. ఒక్క కాడ డొల్ల కొట్టింది. ఎనక ఉన్న నాకే వినపడ్డదక్కా. బావ ఆగలే, ముందటికే పోయిండు. నేనే చెయ్యి పట్టి గుంజి, అందరిని ఎనక్కి తీస్కపోయిన. మేం నీళ్ళు తాగేంత సేపు గూడ కాలే, బండ ఊడి పడ్డది." వాడు మా నులక మంచం వైపు చూపించాడు. "గంత ఉన్నది."

ఎవరికీ దెబ్బ తగల్లేదు. మేనేజరు మా ఆయన్ని చెవుల పరీక్షకు పంపాడు. దవాఖానాలో డాక్టరు చెవులకు మిషన్లు పెట్టి చూసి, చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. చెవులు బాగున్నాయి కాబట్టి సోమవారం నుంచి డ్యూటీకి రావచ్చు. అంతే, తేలిపోయింది. అందరికీ తేలిపోయింది, నాకు తప్ప.

ఆ సాయంత్రం ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"డొల్ల కొట్టింది నీకు వినపడలేదా?"

"వినపడ్డది."

"మరెందుకు ఆగలే?"

"వినపడ్డది, గంతే. ఆగాలని మనసుకు రాలే."

"ఆ బండ నీ మీద పడుంటే?"

"పడితే పడనియ్."

కోపంగా అనలేదు, బాధగానూ అనలేదు. కూర లేకపోతే పచ్చడేసుకుంటా అన్నంత తేలిగ్గా అన్నాడు. నాకు ముందు ఏడుపు ముంచుకొచ్చింది, దాని వెనకాలే కోపం వచ్చింది. నీకు నీ ప్రాణం అక్కర్లేకపోతే మానె, ఆ కప్పు కింద నా తమ్ముడున్నాడు కదయ్యా! వాడి పెళ్ళాం కాళ్ళ పసుపు ఇంకా ఆరలేదు. వాడి పక్కన ఇంకా ఎందరో తల్లుల పిల్లలున్నారు. ఈ మనిషి మళ్ళీ మామూలు మనిషయ్యేదాకా బాయిలోకి దిగనివ్వను, ఎవడు అడ్డమొచ్చినా సరే అని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను.

చేతులతో ఏదో ఒకటి చేయకపోతే నాకు నిద్ర పట్టదు. ఆయన కర్ర తీశాను. అది ఆయనకు పని నేర్పిన పెద్ద సర్దార్ ఇచ్చింది. వారం వారం ఆముదం రాసి తుడుచుకునేవాడు, నన్ను కూడా ముట్టనిచ్చేవాడు కాదు. నేను అంగన్‌వాడీ టీచర్ని. దాన్ని తీసుకుపోయి మా సెంటరు స్టోరు గదిలో, పిల్లల ఉప్మా రవ్వ బస్తాల వెనక దాచి తాళం వేశాను.

సోమవారం పొద్దున కర్ర కోసం ఇల్లు పీకి పందిరేస్తాడని, కొంగు నడుముకు చెక్కుకుని తగాదాకు సిద్ధంగా నిలబడ్డాను. ఆయన కర్ర ఉండే మూలకేసి చూశాడు. ఖాళీగా ఉంది. ఏదీ అని అడగలేదు. అన్నం డబ్బా పట్టుకుని వట్టి చేతులతో బయలుదేరాడు.

ఏ సర్దారైనా వట్టి చేతులతో బాయిలోకి పోతాడా? పరుగెత్తి గడపకు అడ్డంగా కూర్చున్నాను.

"పోతే నన్ను తొక్కి పో."

ఆయన డబ్బా కింద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గెలిచినందుకు నాకేం సంతోషం కలగలేదు. నాతో వాదించని మొగుడితో గెలిచి ఏం చేసుకోను?

చెవులు చూసిన డాక్టరు దగ్గరికే పోయాను. పెద్దాయన, నెమ్మదస్తుడు.

"చెవిలో ఏ లోపమూ లేదమ్మా. మళ్ళీ మళ్ళీ చూశాను" అన్నాడు.

"చెవి మంచిగుంటే చెవి ఎనకాల చూడుండ్రి సారూ. దర్వాజ మంచిగున్నదంటే ఇంట్ల మనిషున్నట్టేనా?"

ఆయన నవ్వబోయి ఆగాడు. ఇంట్లో ఎలా ఉంటున్నాడు, తింటున్నాడా, పడుకుంటున్నాడా అని అప్పుడు అడిగాడు. నేను బిందె సంగతి, కర్ర సంగతి, "పడితే పడనియ్" అన్న సంగతి చెప్పాను. ఆ ఆఖరి మాటకు ఆయన ముఖం మారింది. "ఈ మాట నాకు ముందే చెప్పాల్సింది" అని, ఖమ్మంలో మనసు జబ్బులు చూసే భార్గవి అనే డాక్టరమ్మ పేరు చెప్పాడు. ఆమె వైద్యం చేయడమే కాకుండా, అనుకోని చప్పుడు విన్నప్పుడు మెదడులో కరెంటు ఎలా కదులుతుందో గీతల్లో కొలుస్తోందట. "రేపే తీసుకెళ్ళు. అప్పటిదాకా డ్యూటీ సంగతి నేను చూస్తాను" అన్నాడు.

బస్సు తల్లాడలో ఆగినప్పుడు పల్లికాయలు కొని ఆయన చేతిలో పోశాను. ఒలుచుకోకుండా అలాగే పట్టుకున్నాడు.

"పిచ్చి దవాఖానాకు పోతున్నం, ఎరికేనా?" అన్నాను, కావాలనే.

"ఎరికే."

"కోపమొస్తలేదా?"

"లేదు."

నన్ను పిచ్చోడంటావా అని బస్సులో అందరి ముందూ ఎగిరితే నాకు ఎంత ధైర్యంగా ఉండేదో! కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

భార్గవి డాక్టరమ్మ చిన్నదే, ముప్పై దాటి ఉండవు. మా ఆయన ఒక్కో మాటకూ ఎంత సేపు తీసుకున్నా తొందర పెట్టలేదు. నేను మధ్యలో జవాబు అందించబోతే మాత్రం "దుర్గ గారూ, ఆయన్ని చెప్పనివ్వండి" అని నా నోరు మూయించింది. నా నోరు మూయించినవాళ్ళు లోకంలో చాలా తక్కువ. నన్ను బయట కూర్చోబెట్టి కూడా ఆయనతో మాట్లాడింది. చివరికి ఇద్దరినీ పిలిచి చెప్పింది.

"దీన్ని డిప్రెషన్ అంటారు. బద్ధకం కాదు, పిచ్చి కాదు, ఎవరో చేసింది కాదు. జబ్బు. దీనికి కారణం కనపడి తీరాలని లేదు. మందు ఉంది."

తర్వాత చప్పుళ్ళ పరీక్ష గురించి చెప్పింది. అది వైద్యం కాదనీ, ఆమె చేస్తున్న పరిశోధన అనీ, ఇష్టమైతేనే కూర్చోవచ్చనీ చెప్పింది. జబ్బు ఉన్నవాళ్ళతో పోల్చడానికి అదే ప్రాంతంలో, అదే వయసులో, జబ్బు లేనివాళ్ళు కూడా కావాలట. "మీరూ కూర్చుంటారా?" అని నన్ను అడిగింది. నేను జబ్బు లేని మనిషినని అలా తేలింది. మా అత్త బతికి ఉంటే ఒప్పుకునేది కాదు.

కానీ కూర్చోవడం అంత తేలిక కాదు. తలకు నూనె ఉంటే గీతలు రావట. చిన్నప్పటి నుంచీ ఆముదం పెట్టే తల నాది. ఆ చలిలో దవాఖానా బాత్రూములో షాంపూతో రుద్దుకుంటే ఒక పట్టాన వదల్లేదు. "ఇంకోసారి రుద్దాలి" అని అక్కడి అమ్మాయి అంటే, "నా తోలు గూడ ఒలిచిస్త తీస్కో" అన్నాను. మా ఆయన చెప్పినట్టల్లా తల కడుక్కున్నాడు. తర్వాత తలకు ఒక గుడ్డ టోపీ తొడిగారు. దాని నిండా బిళ్ళలు, బిళ్ళకొక వైరు. వైర్లన్నీ కలిపి వెనక్కి జడలాగా వేలాడదీశారు. సూది లేని సిరంజితో ఒక్కో బిళ్ళ కిందా చల్లటి జిగురు నింపారు.

అంతా సిద్ధమయ్యాక కరెంటు పోయింది. మా వాళ్ళు పాతాళంలోకి దిగి తవ్వే బొగ్గుతో ఎవరెవరి ఇళ్ళలోనో దీపాలు వెలుగుతాయి, మా వంతుకు మాత్రం కోత. టోపీ తీయకుండా, తల కదపకుండా అలాగే కూర్చుని కరెంటు వచ్చేదాకా ఎదురు చూశాడాయన.

వచ్చాక గదిలో ఫ్యాను ఆపారు, తలుపు మూశారు. ఎదురుగా టీవీలో చేపలు ఈదే సినిమా, మాటల్లేకుండా. చెవుల్లో మాత్రం చప్పుళ్ళు. "చప్పుళ్ళను పట్టించుకోవద్దు, చేపల్ని చూడండి" అన్నది డాక్టరమ్మ. ఆ చప్పుడు నాకూ వినిపించింది. టుక్, టుక్, టుక్, టుక్ అని ఒకటే వరస, మధ్యలో ఎప్పుడో ఒకటి వేరేగా, టిక్. మళ్ళీ టుక్, టుక్, టుక్. మనం పట్టించుకోకపోయినా, కన్ను మూసి తెరిచేలోపే మెదడు ఆ తేడాను దానంతటదే పట్టుకుంటుందట. అది పట్టుకున్నప్పుడు గీతలో ఒక గుంట పడుతుంది. ఒక్క చప్పుడుకు అది కనపడదు, వందల చప్పుళ్ళు వినిపించి లెక్క కలిపితేనే తేలుతుంది.

నా వంతు కూడా అయ్యాక, తల తుడుచుకుంటూ బయటికి వస్తే మా ఆయన తనంతట తానే నోరు విప్పాడు.

"గిది రూఫ్ కొట్టుడే గదమ్మా."

"అంటే?" అన్నది డాక్టరమ్మ.

ఆయన చేతిలో లేని కర్రను పైకెత్తి చూపించాడు. "గట్టి, గట్టి, గట్టి, డొల్ల. మళ్ళ గట్టి. మాకు గదే పని." కొన్ని వారాల్లో ఆయన మాట్లాడిన అతి పెద్ద మాట అది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, కప్పు ఎలా కొడతారో మొత్తం చెప్పించుకుంది.

తర్వాత కంప్యూటరు మీద రెండు గీతలు చూపించింది. ఒకటి నాది. నా గీతలో వేరే చప్పుడు వచ్చిన చోట లోతుగా గుంట పడింది. ఆయన గీతలో అదే చోట గుంట ఉందా లేదా అన్నట్టుంది. చెరువు ఎండిపోతే మిగిలే తడి లాగా.

"చూశారా, చెవి వింది. మెదడు దాకా చప్పుడు వచ్చింది. ఇక్కడ తేడాను పట్టుకునే కదలిక మాత్రం చిన్నగా ఉంది" అన్నది. నేను ఎగిరి గంతేసేలోపే చెయ్యి అడ్డం పెట్టింది. "ఒక్క మనిషి గీతను చూసి జబ్బు ఉందనీ లేదనీ చెప్పకూడదు. జబ్బు ఉన్నా గుంట బాగా పడేవాళ్ళున్నారు. ఆయన జబ్బు నాకు తెలిసింది ఆయన మాటల వల్ల, ఈ గీత వల్ల కాదు. మందు వేసుకుంటే చాలామంది కోలుకుంటారు. ఈ గీత కూడా కోలుకుంటుందా అన్నదే నేను వెతుకుతున్నది."

మా ఆయన ఆ రెండు గీతలను చాలాసేపు చూశాడు.

"అయితే నేను సోమరిపోతునైతే కాదు" అన్నాడు.

"కాదు."

"నేను ఎట్లాగూ పనికిరానోణ్ణి, పోతే పీడాపాయె అనుకున్న. జబ్బేనా?"

"జబ్బే."

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది.

బాయికి పంపొద్దని కాగితం రాసిమ్మని నేను డాక్టరమ్మను అడిగాను. ఆమె రాసింది. కానీ మర్నాడు ఆయన దాన్ని నా చేతికే ఇచ్చి, తానే మేనేజరు దగ్గరికి నడిచాడు. షిఫ్టు మారే వేళ. గ్యాంగు మొత్తం అక్కడే ఉంది. నేను వెనకాలే నిలబడ్డాను.

"సార్, నా చెవులు మంచిగున్నయ్. నేనే మంచిగ లేను. డొల్ల కొట్టినా నా మనసు లేస్తలేదు. నా ఎనక మనుషుల్ని పంపకుండ్రి. మంచిగైనంక నేనే వచ్చి అడుగుత."

గుంపులో ఎవడో ముసిముసిగా నవ్వాడు. పవన్ వెళ్ళి బావ పక్కన భుజం ఆనించి నిలబడ్డాడు. నవ్వు ఆగిపోయింది. మేనేజరు ఆయన్ని పైన ల్యాంప్ రూములో వేశాడు, దిగేవాళ్ళకు నెత్తికి పెట్టుకునే దీపాలు అందించే పని. నిన్నటిదాకా అందరికన్నా ముందు నడిచిన సర్దార్, ఇవాళ కిటికీలోంచి చేయి చాపి దీపాలు ఇచ్చాడు. రోజూ ఇచ్చాడు. అంతకన్నా మొండితనం నేను ఎక్కడా చూడలేదు.

కాలనీ ఊరుకుంటుందా? కుళాయి దగ్గర ఒకావిడ "ముసలయ్యన్నకు మెంటలటగా" అన్నది. "అవ్, మా ఆయన తలకాయల ఏమున్నదో మిషన్ల చూసొచ్చిన. మీ ఆయనది గూడ చూపిద్దామా? ఏమన్న కనపడ్తదో లేదో!" అన్నాను. ఆ తర్వాత నా బిందె ఎప్పుడూ ముందే నిండేది.

మందులు మొదలుపెట్టగానే మారిపోతాడని అనుకున్నాను. ఏం లేదు. నోరు ఎండిపోయేది, కూర్చున్నచోటే తూగేవాడు. "లాభం లేదు, ఇడిసిపెడ్త" అన్నాడు. "ఇడిసిపెడ్తే నేను నిన్ను ఇడిసిపెడ్త, మింగు" అన్నాను. మింగాక నోరు తెరిచి చూపించేదాకా ఎదురుగానే నిలబడేదాన్ని. అంగన్‌వాడీ పిల్లల దగ్గర నేర్చిన విద్య అది.

ఆగలేక నేనే ఇంట్లో పరీక్షలు మొదలుపెట్టాను. ఆయన వెనక నిలబడి కంచం పడేసేదాన్ని, గిన్నె పడేసేదాన్ని. మెడ తిరుగుతుందా అని చూసేదాన్ని. సామానంతా సొట్టలు పడింది గానీ ఆయన మెడ తిరగలేదు. కాలనీ గేటు దగ్గర కాయిన్ డబ్బా నుంచి డాక్టరమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను. ఆమె మొదటిసారి నా మీద కోప్పడింది.

"రోజూ పడేస్తుంటే ఆయన ఎదురు చూస్తూనే ఉంటాడు కదా! ఎదురుచూసే చప్పుడు అనుకోని చప్పుడు ఎలా అవుతుంది? ఆపండి. మందు వేయించండి, పొద్దున నడిపించండి, మీరు మామూలుగా ఉండండి."

మామూలుగా ఉండడం నాకు అన్నిటికన్నా కష్టమైన పని. అయినా గిన్నెలు పడేయడం మానేశాను. కొన్నాళ్ళకు ఆయనే అన్నాడు: "దుర్గా, గిన్నెలు పడేసుడు బంద్ చేసినవా? ఎప్పుడు పడేస్తవో అని చూసి చూసి నా మెడ గుంజుకపోయింది." వెక్కిరింపో కాదో ముఖం చూస్తే తెలియలేదు. పోయి పొయ్యి ముందు కూర్చుని, ఆ మాటను మళ్ళీ మళ్ళీ తలుచుకున్నాను.

ఎండలు ముదిరాయి. మంచినీళ్ళకు కుండ కావాలని ఒక ఆదివారం చండ్రుగొండ సంతకు పోయాం. నిజం చెబుతున్నాను, ఆ రోజు నా మనసులో ఏ పరీక్షా లేదు. చింతపండు రేటు చూసి నాకు అప్పటికే మండిపోయి ఉంది. పవన్ పెళ్ళానికి నెల తప్పింది, ముంజలు తినాలనుందని కబురు పెట్టింది. మా ఆయన అటు తిరిగి ముంజలు ఏరుతున్నాడు. నేను ఇటు బుల్లెమ్మ కుండల దగ్గర గడ్డిలో కూర్చున్నాను. నా పక్కన పర్ణశాల వైపు నుంచి వచ్చిన ఆవిడెవరో బేరమాడుతోంది. ఆవిడకు చూపించడానికి బుల్లెమ్మ కుండల్ని వేలి కణుపుతో వరసగా కొడుతోంది. ఖంగు, ఖంగు, ఖంగు. చుట్టూ సంత గోల, కోళ్ళ అరుపులు, మైకులో ఎవడో చెప్పుల అమ్మకం. ఏ కుండ ఏమన్నదో నాకైతే తెలియలేదు.

మా ఆయన మెడ తిరిగింది.

ముందు మెడ తిరిగింది, తర్వాతే మనిషి తిరిగాడు. రెండు చేతుల్లో ముంజలు అలాగే ఉన్నాయి.

"ఏయ్ ఏయ్, ఆగు. గది పక్కన పెట్టు. పగిలింది" అన్నాడు.

బుల్లెమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని లేచింది. "వచ్చినవా నాయనా? ఇన్ని దినాలు పీడ వదిలిందనుకున్న. నా కుండ పగిలిందా? నీ నోరు పగల! ఏది, యాడ పగిలింది, చూపియ్!"

"నీళ్ళు పొయ్యి."

ఆమె విసురుగా చెంబెడు నీళ్ళు పోసి కుండను పైకెత్తింది. ముగ్గురం కిందికి చూశాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత అడుగున వెంట్రుకంత తడిగీత మెల్లగా పాకింది. పర్ణశాల ఆవిడ "ఓ యమ్మో" అన్నది.

నేను ఆ గడ్డిలోనే కూలబడి బావురుమన్నాను. సిగ్గూ లేదు, ఏమీ లేదు. బుల్లెమ్మ హడలిపోయింది. "అయ్యో, ఒక్క కుండకే గింత ఏడుపా? ఊకో దుర్గా, నీకు గట్టిది ఇస్త, ఊకో" అంటోంది. దానికేం తెలుసు!

మా ఆయన నా వైపు చూశాడు, కుండ వైపు చూశాడు. ఆయనకు అప్పుడు తట్టింది. ముంజలు నా ఒళ్ళో పడేసి, చేతులు పంచెకు తుడుచుకుని, నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"దుర్గా."

"ఊఁ."

"నా కట్టె యాడ దాచినవే?"

శీతాకాలమంతా ఆ మాట కోసం కాచుకుని కూర్చున్నాను. రవ్వ బస్తాలు మారినప్పుడల్లా ఆ కర్రను ఒక మూల నుంచి ఇంకో మూలకు మార్చి తాళం వేసుకున్నాను. ఇప్పుడు అడిగాడు కదా అని పరుగెత్తుకెళ్ళి ఇచ్చేస్తానా? నా తమ్ముడికి బిడ్డ పుట్టబోతోంది. నా మొగుడి పేరు ముసలయ్య.

ముక్కు చీదుకుని చెప్పాను. "ఇయ్య. ముందు ఖమ్మం పోవాలె. డాక్టరమ్మ ఊఁ అనాలె. ఎనక మేనేజర్ సార్ ఊఁ అనాలె. అప్పుడిస్త."

"నా కట్టె నాకిచ్చెటందుకు డాక్టరమ్మ ఎవరే? మా సర్దార్ ఇచ్చిన కట్టె అది! పొన్ను చిలుమెక్కుతది. ఆముదమన్న రాసినవా?"

"రాయలే."

"రాయలేదా? ఇన్ని దినాల సంది ఒక్కనాడు గూడ రాయలేదా! నీ తలకు మాత్రం బుడ్లకు బుడ్లు పోసుకుంటవ్, నా కట్టెకు ఇంత చుక్క లేదా?"

"నా తల నీ కట్టె ఒకటేనా? ఏం మనిషివయ్యా నువ్వు!"

అలా మొదలైంది. సంత మొత్తం మాకేసి తిరిగింది. గట్టి కుండ ఒకటి ఆయనే కొట్టి చూసి, ఏరి, చంకన పెట్టుకున్నాడు గానీ నోరు మాత్రం ఆపలేదు. బస్సెక్కాక కూడా ఆపలేదు. కర్రతో మొదలుపెట్టి, సొట్టలు పడ్డ గిన్నెలకు వచ్చి, పెళ్ళిచూపుల్లో నేను నవ్విన నవ్వు దాకా పోయాడు. నేనూ ఊరుకోలేదు, మాటకు మాట అందించాను. మా ముందు సీటులో పిల్లాడు లేచి ఏడుపు అందుకున్నాడు.

కండక్టరు వచ్చి, "పెద్దాయనా, జర మెల్లగ మాట్లాడవా" అన్నాడు.

"నీకేం నొప్పి? తిట్టనియ్" అన్నాను.